జీపు వెనుక చిన్న ఇల్లు

ఒక్కొక్కరికి ఒక్కొక్క సరదా. కొందరు కుండీలలో గులాబీలు పెంచుతారు. కొందరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. కొందరు సెలవు దొరికితే చాలు, గాలం తీసుకుని చెరువు గట్టున కూర్చుంటారు. మా ఇంటివారి సరదా మాత్రం ఒక పాత జీపు, దాని వెనుక తగిలించే రెండు చక్రాల ట్రెయిలరు. అందులో వంట సామాను, పరుపులు, డేరా సర్దుకుని, తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుండి ఇంకాస్త ముందుకు వెళ్ళి, ఒకటి రెండు రాత్రులు ఆకాశం కింద గడిపి రావడం మాకు పండుగ.

"పాస్టరు గారికి జీపెందుకండీ, మోటారు సైకిలు చాలదా?" అని మా ముఖం మీదే అడిగినవారు ఉన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. ఇందులో ఖర్చు ఉంది, ఒళ్ళు హూనమవుతుంది, ప్రమాదమూ ఉంది. ఆ మూడింటినీ మేము అనుభవించాము. ఒకసారైతే పది రూపాయలైనా ఖరీదు చేయని ఒక ఇనుప పిన్ను మాకు జీవితాంతం మరచిపోలేని పాఠం చెప్పింది. ఆ సంగతి మీతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. అయితే ముందు బండి గురించి కొంత తెలిస్తేనే గాని ఆ సంగతి అర్థం కాదు.

జీపు ఎలా పుట్టింది?

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. 1940 జూలైలో అమెరికా సైన్యం వారు 135 కంపెనీలకు కబురు పంపారు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే తేలికైన చిన్న బండి కావాలనీ, దాని నమూనాను 49 రోజులలో చేసి చూపాలనీ షరతు పెట్టారు. అంత తక్కువ గడువుకు పెద్ద కంపెనీలు వెనుకాడాయి. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుని, ఆ సెప్టెంబరు 23న బండిని తెచ్చి అప్పగించింది. కాని చిన్నవాడి కష్టం పెద్దవాడికి దక్కినట్టు, 1941లో పెద్ద ఆర్డరు విల్లీస్ కంపెనీకి వెళ్ళింది. ఫోర్డు కంపెనీ కూడా అదే నమూనాలో తయారు చేసింది. యుద్ధం ముగిసేసరికి ఈ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి.

బాంటమ్ కంపెనీకి మిగిలిన పనులలో ముఖ్యమైనది జీపు వెనుక తగిలించే చిన్న ట్రెయిలరు. దానిని పావు టన్ను ట్రెయిలరు అనేవారు. దానికి జీపు చక్రాలే వేశారు. కనుక ఒక్క స్టెప్నీ టైరు రెంటికీ సరిపోతుంది. తొట్టెలోకి నీరు చొరబడకుండా, వాగులో దింపితే తేలేటట్టు చేశారు. ఎంత ముందుచూపు!

మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల భాగాలను తెప్పించి బొంబాయిలో బిగించసాగింది. అప్పటినుండి జీపు మన ఊళ్ళలో బంధువైపోయింది. ఎన్నికల మైకు దాని మీదే, తహసీల్దారు గారి రాక దానిలోనే, ఏజెన్సీ సంతలకు వేలాడుతూ వెళ్ళే జనమూ దానికే. తరువాత 1985లో మారుతీ జిప్సీ వచ్చింది. 2010లో థార్, 2020లో దాని కొత్త రూపం, 2023లో జిమ్నీ వచ్చాయి. ఇప్పటి యువకులు అడవి దారులకు ఎక్కువగా వాటినే ఎంచుకుంటున్నారు.

మాది 1991 మోడలు మహీంద్రా ఎం.ఎం.540. ఏజెన్సీలో ఒక జీడిమామిడి తోట యజమాని దగ్గర షెడ్డులో పడి ఉంటే, మా బావమరిది తెచ్చి బాగుచేశాడు. అతనికి రాజమండ్రిలో జీపుల మెకానిక్ షెడ్డు ఉంది. ట్రెయిలరు సైన్యం వారు వేలంలో అమ్మిన పాత సామానులోనిది. తుప్పు గోకి, రంగు వేసి, పైన మడత ఫ్రేము బిగించి, టార్పాలిన్ డేరా అమర్చడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

మరో రెండు పొట్టి లీవర్లు

మామూలు కారులో ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. ఆ రెండూ బురదలో తిరుగుతూ ఉండిపోతే బండి కదలదు. పాత జీపులో గేరు లీవరు పక్కన మరో రెండు పొట్టి లీవర్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా శక్తిని అందిస్తుంది. జోడెద్దులు చాలనప్పుడు ముందు మరో జత కట్టి లాగించడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. రెండవ లీవరు వేస్తే బండి వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం అంతకంత పెరుగుతుంది. మనిషి నడిచే వేగంతో, రాయి మీద నుండి రాయి మీదికి, బండి మెల్లగా ఎక్కుతుంది.

ఈ లో గేరు ఎక్కడానికి ఎంత అవసరమో దిగడానికీ అంత అవసరం. ఘాటు దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. చిన్న గేరులో పెడితే ఇంజనే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది. అయితే పొడి తారు రోడ్డు మీద ముందు చక్రాల లీవరు వేయకూడదు. మలుపుల్లో ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం నడవవు కనుక లోపలి పళ్ళచక్రాలు బిగుసుకుపోతాయి.

ఇంకొక మాట. నాలుగు చక్రాల శక్తి బండి ఎక్కడానికి సాయపడుతుంది గాని ఆగడానికి సాయపడదు. మామూలు బండి ఊరి పక్కనే కూరుకుపోతుంది. జీపైతే సాయం దొరకని చోటికి తీసుకుపోయి అక్కడ కూరుకుపోతుంది! బండిని నమ్ముకుని బుద్ధిని ఇంట్లో వదిలి వెళ్ళేవారికి ఈ సంగతి అనుభవం మీద గాని తెలియదు.

గూడుబండి నుండి ట్రెయిలరు దాకా

బండిలో ఇల్లు పెట్టుకుని తిరగడం పాశ్చాత్యుల వింత అని కొందరనుకుంటారు. మన తాతలు గూడుబండి కట్టుకుని, ఇరుసుకు లాంతరు వేలాడదీసి, దారిలో చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండుకుని తిని, మళ్ళీ బండి కట్టేవారు కాదా? నాటి కలెక్టర్లు, మిషనరీలు కూడా ఎడ్లబండ్ల మీద డేరాలు వేసుకుని ఊరూరా తిరిగేవారు. "దొరగారు క్యాంపులో ఉన్నారు" అన్న మాట అలా వచ్చిందే.

ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళపు వైద్యుడు పదవీ విరమణ తరువాత, 1885లో 'వాండరర్' అనే గుర్రపు బండిని ఇల్లులా కట్టించుకుని దేశమంతా తిరిగాడు. సరదా కోసమే అలా తిరిగిన తొలివారిలో ఆయన ఒకరు. 1907లో అక్కడ కారవాన్ క్లబ్బు ఏర్పడింది. మోటారు కార్లు వచ్చాక గుర్రాల స్థానంలో కారు నిలిచింది. 1930ల నాటికి అమెరికాలో కన్నీటి బొట్టు ఆకారంలో, ఇద్దరు పడుకునేంత చిన్న ట్రెయిలర్లు వాడుకలోకి వచ్చాయి. లోపల పడక, వెనుక తలుపు ఎత్తితే వంటగది. మాది అంత అందమైనది కాదు. పగలు సామాను బండి, రాత్రి డేరా. అయినా పిల్లలు దానిని "మన రెండో ఇల్లు" అంటారు.

ట్రెయిలరు సర్దడం ఒక విద్య. మాది పావు టన్ను, అంటే సుమారు 225 కిలోల బరువుకు చేసినది. రెండు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లే నలభై కిలోలు. బియ్యం, స్టవ్వు, సిలిండరు, పరుపులు, స్టెప్నీ, గునపం, తాడు, ఇవన్నీ కలిపితే పరిమితి ఎప్పుడు దాటామో తెలియదు. బరువైనవి ఇరుసు మీద, కాస్త ముందుకు, అడుగున ఉండాలి. మొత్తం బరువులో సుమారు పదో వంతు ముందు కొక్కెం మీద పడాలి. బరువంతా వెనుక చేరితే ట్రెయిలరు ముక్కు పైకి లేచి, వేగంలో కుక్క తోకలా ఊగుతుంది. ఆ ఊపు జీపును కూడా పక్కకు లాగేస్తుంది.

ఇక కొక్కెం సంగతి. జీపు వెనుక దవడలాగా తెరుచుకునే ఇనుప కొక్కెం ఉంటుంది. ట్రెయిలరు ముందున్న కడియాన్ని అందులో వేసి, పై దవడ మూసి, అది తెరుచుకోకుండా ఒక పిన్ను గుచ్చాలి. అది కాక ట్రెయిలరుకు ఇరుపక్కలా రెండు గొలుసులుంటాయి. కొక్కెం విడిపోతే ఆపడానికి అవే ఆధారం. మా కథంతా ఈ పిన్ను, ఈ గొలుసుల చుట్టూనే.

ఆ రోజు జరిగినది

2019 నవంబరు. పిల్లలకు రెండు రోజుల సెలవు దొరికింది. మా ఇంటావిడ, పద్నాలుగేళ్ళ అబ్బాయి, పదేళ్ళ అమ్మాయి, బావమరిది, మేము తెల్లవారుజామున రాజమండ్రి నుండి బయలుదేరాము. గోకవరంలో ఇడ్లీలు తిని, రంపచోడవరం మీదుగా మధ్యాహ్నానికి మారేడుమిల్లి చేరాము. అటవీ సిబ్బందిని కలిసి, ఎంతవరకు వెళ్ళవచ్చో, ఎక్కడ రాత్రి బస చేయకూడదో అడిగి తెలుసుకున్నాము. బొంగులో చికెన్ అమ్మే కొట్ల దగ్గర జీపు మలుపు తిరగక ట్రెయిలరును విప్పి, జీపును తిప్పుకుని, మళ్ళీ తగిలించవలసి వచ్చింది.

అప్పటికి కొందరు కుర్రాళ్ళు చుట్టూ చేరారు. "ఎన్నో మోడలండీ? ట్రెయిలరు ఎక్కడిదండీ? ఫోటో తీసుకోవచ్చా అండీ?" అని ఒకటే ప్రశ్నలు. దాచడమెందుకు, మాకు ఛాతీ ఉప్పొంగింది. ఒక చేత్తో కొక్కెం మూస్తూ, రెండో చేత్తో డేరా చూపిస్తూ, బాంటమ్ కంపెనీ చరిత్ర మొదలుపెట్టాము. చేతిలోని పిన్నును మడ్‌గార్డు మీద పెట్టాము. అక్కడే మరచిపోయాము.

స్టీరింగు దగ్గర కూర్చున్నాక మా ఇంటావిడ అడిగింది. "ఏమండీ, గొలుసులు తగిలించారా?"

"ఎంత దూరమని! పైకి వెళ్ళాక చూద్దాంలే" అన్నాము.

ఆమె బదులు చెప్పలేదు. దిగి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, రెండు గొలుసులూ తానే తగిలించి వచ్చి కూర్చుంది. పిన్ను సంగతి ఆమెకు తెలియదు. అది ఎప్పుడూ మేము చూసుకునే పని.

ప్రధాన రోడ్డు విడిచి మట్టి దారి పట్టాము. ఒక ఎత్తు ఎక్కుతుండగా వెనుక చక్రం పెద్ద రాయి మీద నుండి దిగింది. 'ఠంగు'మని శబ్దం. జీపు ఒక్కసారి తేలికైనట్టు ముందుకు గెంతింది. వెంటనే వెనుక నుండి ఎవరో పట్టి గుంజినట్టు ఆగింది. వెనక్కు చూస్తున్న మా అబ్బాయి "నాన్నా! ట్రెయిలరు!" అని కేక వేశాడు.

దవడ తెరుచుకుంది. ట్రెయిలరు విడిపోయి, ముక్కు నేలను తాకి, ఆ ఏటవాలులో రెండు గొలుసుల మీద వేలాడుతోంది. దాని వెనుక ఇరవై అడుగుల దూరంలో, అదే దారిలో, నాలుగు మేకలను తోలుకుంటూ ఎనిమిదేళ్ళ కుర్రవాడు వస్తున్నాడు.

జీపును గేరులో ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకున్నాము. బావమరిది దూకి ట్రెయిలరు చక్రాల వెనుక రాళ్ళు పెట్టాడు. ఆ కుర్రవాడు ఒక పక్కగా వచ్చి, మా వైపు వింతగా చూసి, నవ్వి, మేకలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. వాడికి ఏమి తప్పిపోయిందో వాడికి తెలియదు. మాకు తెలుసు. మా కాళ్ళు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

కాసేపటికి మా అమ్మాయి అడిగింది. "నాన్నా, అమ్మ గొలుసు పెట్టకపోతే?"

మేము జవాబు చెప్పలేకపోయాము. మా ఇంటావిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. తప్పు బండిది కాదు, దారిది కాదు, పాత కొక్కెం చేసినవారిది అసలే కాదు. పదిమంది మెచ్చుకుంటుంటే చేతిలోని పని మరచిన మాది.

వాగు ఒడ్డున

బావమరిది తన పెట్టెలో నుండి వేరొక పిన్ను తీసి, దానికి సన్నని గొలుసు వేసి, కొక్కేనికే శాశ్వతంగా కట్టేశాడు. మళ్ళీ బయలుదేరి గంట గడిచేసరికి ఒక వాగు అడ్డం వచ్చింది. అవతల గట్టు ఇరవై గజాలు ఉంటుంది. మేము బస చేయాలనుకున్న చోటు వాగు దాటితే రెండు కిలోమీటర్లే. నెత్తిన ఎండ కాస్తోంది. నీళ్ళు మోకాలి లోతు దాటి లేవు.

"ఆయ్, ఏం పర్లేదండి బావగారూ. లో గేరులో వేసి గేరు మార్చకుండా పోనిచ్చేయండి, రెండు నిమిషాల పని" అన్నాడు బావమరిది. అతని మాట తీసివేయదగినది కాదు. అంతకన్నా లోతు నీటిలో నుండి అతడు బండ్లు దాటించినవాడే.

ఆ గట్టున ఒక కొండరెడ్డి పెద్దాయన కత్తికి పదును పెట్టుకుంటూ కూర్చున్నారు. మేము అడగకుండానే ఆయన అన్నారు. "పైన కొండల్లో వాన పడతందయ్యా. నీళ్ళు ఎర్రబడ్డాయి సూడండి. ఆకులూ పుల్లలూ కొట్టుకొత్తన్నాయి. ఆగండి."

మేము చూశాము. నిజమే. కాసేపటి క్రితం అడుగున రాళ్ళు కనిపించిన నీరు ఎర్రమట్టి రంగుకు తిరుగుతోంది. మామూలు రోజైతే ఏమి చేసేవారమో మాకు బాగా తెలుసు. అవతలి గట్టున నలుగురు నిలబడి చూస్తున్నారు కూడా. అయితే ఆ పూట మా కళ్ళ ముందు మేకల కుర్రవాడే ఉన్నాడు. "వెనక్కు పోదాము" అన్నాము. బావమరిది ఒక్క క్షణం మా ముఖం చూసి, ఇంకేమీ అనకుండా దిగాడు.

ట్రెయిలరుతో వెనక్కు నడపడం అలవాటు లేనివారికి పెద్ద పరీక్ష. స్టీరింగు కుడికి తిప్పితే ట్రెయిలరు ఎడమకు పోతుంది. అందుకు ఒక చిట్కా ఉంది. స్టీరింగును అడుగు భాగంలో పట్టుకోవాలి. అప్పుడు చెయ్యి ఎటు కదిపితే ట్రెయిలరు వెనుక భాగం అటే పోతుంది. ఎంత చిట్కా అయినా ఆ ఇరుకు దారిలో లాభం లేక, చివరకు ట్రెయిలరును విప్పి చేతులతో తిప్పుకున్నాము. అందుకు అరగంట పైనే పట్టింది. పెద్దాయన కూడా ఒక చెయ్యి వేశారు. తమ గూడెంలో బడి ముందున్న చదునైన చోట డేరా వేసుకోమన్నారు.

డేరా మేకులు దిగగొడుతుండగా వాగు వైపు నుండి లారీ వస్తున్నట్టు హోరు వినిపించింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే, మోకాలి లోతు నీరు ఛాతీ లోతు అయింది. ఒక చెట్టు మొద్దు దొర్లుకుంటూ పోతోంది. మా ఇంటావిడ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవ్వరం మాట్లాడలేదు.

ఆ రాత్రి మా ఆవకాయ వారికి, వారి సామల అన్నం మాకు. మరునాడు మధ్యాహ్నానికి నీరు తీసింది. మేము చక్రం పెట్టబోయిన చోట రాళ్ళు లేవు. మనిషి లోతు గొయ్యి ఉంది. బావమరిది దానిలోకి తొంగి చూసి, "పెద్దాయన మాట విన్నాం కాబట్టి సరిపోయిందండి బావగారూ" అన్నాడు. అనుకున్న చోటికి మేము చేరనే లేదు. ఆ ప్రయాణంలో చేరవలసిన చోటికే చేరామనిపిస్తుంది ఇప్పుడు తలచుకుంటే.

ఈ సరదా ఉన్నవారికి నాలుగు మాటలు

ఒకటి: పారే నీటిని తక్కువగా అంచనా వేయకండి. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కొట్టుకుపోగలదు. రెండు అడుగులైతే జీపులాంటి పెద్ద బండ్లకే దిక్కు లేదు. పైగా ఇంజను గాలితో పాటు నీటిని పీల్చిందంటే లోపలి రాడ్లు వంగిపోతాయి. నీటి రంగు మారుతుంటే, చెత్త కొట్టుకొస్తుంటే, మీ నెత్తిన ఎండ కాస్తున్నా దిగవద్దు.

రెండు: ట్రెయిలరు కూడా 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం వాహనమే. దానికి రిజిస్ట్రేషను ఉండాలి. అదే చట్టం 52వ సెక్షను ప్రకారం బండి రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను తిరిగి చేయించాలి. కదిలే ట్రెయిలరులో మనుషులను, ముఖ్యంగా పిల్లలను, ఎన్నడూ ఎక్కించవద్దు.

మూడు: చలి అని డేరా మూసుకుని లోపల బొగ్గుల కుంపటి పెట్టవద్దు. దాని నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఏజెన్సీలో మలేరియా ఉంది గనుక దోమతెర తప్పనిసరి.

నాలుగు: అడవి ఎవరికీ చెందని చోటు కాదు. అటవీ శాఖ అనుమతి అడగండి. గూడెం పెద్దలను అడగండి. దారి విడిచి పోడు చేల మీద, గడ్డి మీద చక్రాలు దొర్లించవద్దు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి ఇంటికే తెచ్చుకోండి.

ఐదు: బయలుదేరే ముందు చూడవలసినవి కాగితం మీద రాసుకోండి. చదివేవారు ఒకరు, తాకి చూసి జవాబు చెప్పేవారు మరొకరు ఉండాలి. ఆ సమయంలో ఎవరితోనూ కబుర్లు వద్దు.

మా ఇంట్లో ఆ కాగితం చదివే పని ఇప్పుడు అమ్మాయిది. వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా అరుస్తుంది. "పిన్ను?" "ఉంది!" "కుడి గొలుసు?" "ఉంది!" "ఎడమ గొలుసు?" "ఉంది!" "అమ్మ చూసిందా?" "చూసింది!"

ఇరుగుపొరుగువారు నవ్వుతారు. నవ్వనీయండి.